అయిదో జంట కోసం గోపన్‌పల్లి దాకా

హైదరాబాదు వెళ్లొచ్చిన వాళ్లు చార్మినారు గురించో బిర్యానీ గురించో చెబుతారు. నేను ఆ రెంటి జోలికీ పోలేదు. అయిదు రోజులూ కూకట్‌పల్లికీ గోపన్‌పల్లికీ మధ్య తిరిగాను. ఒక కప్పు కాఫీకి రెండువందల తొంభై రూపాయలిచ్చాను, సర్వపిండి తినడం నేర్చుకున్నాను, ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఎన్నడూ చేయని తప్పొకటి చేసి వచ్చాను. వెళ్లని వాళ్లకు ఆ తప్పు సంగతే ఎక్కువ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు నా గురించి రెండు ముక్కలు. విశాఖలో క్లినికల్ సైకాలజీ పాఠాలు చెబుతాను. నా పరిశోధన జెండర్, లైంగికతల మీద. ఇంత సూటిగా చెప్పడం నాకు కాగితం మీదే వచ్చు. స్టాఫ్ రూములో నన్ను ‘ఆ సబ్జెక్టు మేడం’ అంటారు. నా పిహెచ్‌డి వైవా రోజున ఒక పెద్దాయన థీసిస్ అంతా ఓపిగ్గా తిరగేసి, “పరీక్షల భయం మీద చేయొచ్చు కదమ్మా, ఎంత చక్కటి టాపిక్కు!” అని బాధపడ్డాడు. ఆయన మాట విని పరీక్షల భయం మీద చేసినవాళ్లంతా ప్రొఫెసర్లయ్యారు. నేను అసోసియేట్ దగ్గరే తొమ్మిదేళ్లుగా ఆగి ఉన్నాను. అయినా క్లాసు అయిపోయాక పిల్లలు చీటీలు మడిచి నా టేబులు మీద పెట్టి పారిపోతుంటారు. ఆ చీటీల్లో ఉండే ప్రశ్నలు చదివినప్పుడల్లా, ఇంకో టాపిక్కు తీసుకోకపోవడమే మంచిదయిందనిపిస్తుంది.

ఇప్పటి ప్రాజెక్టు ఇది: ఒకే ఇంట్లో జంటగా బతుకుతున్న ఇద్దరు ఆడవాళ్లో ఇద్దరు మగవాళ్లో, ఇంటివాళ్లకూ ఇరుగుపొరుగుకూ తమ గురించి ఏం చెప్పుకుంటారు, ఏం దాస్తారు, ఆ దాపరికం మనసు మీద ఎంత బరువు పెడుతుంది. అయిదు జంటలతో మాట్లాడతానని రాసిచ్చాను. నాలుగయ్యాయి. నెలాఖరులోగా అయిదో జంట కూడా అయితే నివేదిక ఇవ్వొచ్చు, నివేదిక ఇస్తే ప్రొఫెసరు ఇంటర్వ్యూకు పిలుస్తారు. అయిదో జంట హైదరాబాదులో దొరికింది. అందుకే ఈ ప్రయాణం.

బంధువులకు మాత్రం ‘అద్దె ఇళ్ల మీద పరిశోధన’ అని చెప్పుకుంటూ వస్తున్నాను. అందులో అబద్ధం లేదు, మా జంటలందరూ ఉండేది అద్దె ఇళ్లలోనే అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని.

మూసాపేట

మూసాపేటలో దిగాలని నేను అనుకోలేదు. మెట్రోలో నా పక్కన నిలబడ్డావిడ సంచి జిప్పుకు నా కొంగు తగులుకుంది. ఆవిడ దిగింది కాబట్టి నేనూ దిగాను. ప్లాట్‌ఫారం మీద ఇద్దరం కలిసి కొంగు విడిపించుకునేసరికి రైలు వెళ్లిపోయింది. ఆవిడ ఎంతో నొచ్చుకుని, “అయ్యో, నా ఎంబడి దిగిన్రా!” అంటూ మెట్ల దాకా నా సూట్‌కేసు మోసింది.

అక్కణ్ణుంచి ఆటో ఎక్కాను. మా విశాఖలో ఆటో ఎక్కితే రెండో మలుపులో ఇంటిపేరు అడుగుతారు. ఇక్కడ అడగరు.

“ఏ కంపెనీల జేస్తరు మేడం?”

“కంపెనీ కాదు బాబూ, యూనివర్సిటీ. అద్దె ఇళ్ల మీద పరిశోధన.”

ఆటో ఆపినంత పని చేశాడు. “కిరాయిల మీదనా? గట్లయితే ముందుగాల నన్ను రాస్కోండ్రి. ఇదే మూసాపేటల రెండర్రలు. నల్లా ఒకరోజొస్తే రెండ్రోజులు రాదు. ఓనర్‌ను అడిగితే ఫికర్ జెయ్యకంటడు. ఇల్లేమో ఆయనది, ఫికరేమో నాది. రాస్కున్నరా?”

పుస్తకం తీసి రాసుకున్నాను. ఒకసారి అబద్ధమాడాక దానికి నోట్సు కూడా రాయాల్సి వస్తుంది. దిగేటప్పుడు, తన పేరు పేపర్లో వస్తే ఓనరు ఇల్లు ఖాళీ చేయిస్తాడేమోనని భయపడి కొట్టేయించాడు. ఈ ఊళ్లో నా దగ్గర సమ్మతి వెనక్కు తీసుకున్న మొదటి మనిషి ఆయనే.

కూకట్‌పల్లి

కె.పి.హెచ్.బి. కాలనీలో మా సత్యవతి వదిన ఉంటుంది. మావారి పెద్దమ్మ కూతురు. అమలాపురం నుంచి వచ్చి ఇరవై రెండేళ్లయినా గోదావరి యాస గుమ్మం దాటి బయటకు పోలేదు. పోవాల్సిన అవసరం కూడా రాలేదు. ఆ వీధిలో కూరలమ్మే ఆవిడ దగ్గర్నుంచి పళ్ల డాక్టరు దాకా అందరూ అటువైపు వాళ్లే. ఉదయం పూట పులస గురించి ఇద్దరు మగవాళ్లు పోట్లాడుకోవడం బాల్కనీలోంచి విన్నప్పుడు, నేను వచ్చింది హైదరాబాదుకేనా అని అనుమానమొచ్చింది.

వదినకు ఒక వ్యాపకముంది. పెళ్లి సంబంధాలు కలుపుతుంది. దమ్మిడీ పుచ్చుకోదు. వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టి, వధువులకు ఉదయం, వరులకు సాయంత్రం కేటాయించింది. అన్నయ్యగారు ఉప్పు అందుకోమంటే కూడా, “ఉండండి, మియాపూర్ కుర్రాడికి గోత్రం కలవలేదు” అంటుంది.

“ఏవిటో జానకీ, ఇంత చదువూ చదివి అద్దె ఇళ్ల మీద పరిశోధనేవిటమ్మా. ఇంకేం దొరకలేదా?” అంది పెసరట్టు వేస్తూ. ఈ ప్రశ్నకు నేను అలవాటు పడిపోయాను. టాపిక్కు అసలుదైనా అబద్ధపుదైనా, ఇంకేం దొరకలేదా అనే అడుగుతారు.

హైటెక్ సిటీ

అయిదో జంట నన్ను ముందు ఇంటికి రానివ్వలేదు. ఒక అద్దాల భవనం కింద కాఫీ షాపులో కలుద్దామన్నారు. ఇద్దరూ ముప్పైకి అటూ ఇటూ ఉన్న అమ్మాయిలు. పరిశోధనలో అసలు పేర్లు రాయకూడదు, మారుపేర్లు మీరే పెట్టుకోండి అంటే, ఒకరి మొహాలొకరు చూసుకుని మెంతి, వాము అన్నారు. మెంతిది నెల్లూరు వైపు, వాముది కరీంనగర్ వైపు. ఊళ్లూ కొన్ని వివరాలూ వాళ్ల ఇష్టప్రకారమే మార్చాను.

పెళ్లిచూపులు నాకు ఇరవై మూడేళ్ల కిందట ఒకసారి అయ్యాయి. ఇవి రెండోవి. గంటసేపు వాళ్లే నన్ను ప్రశ్నలడిగారు. రికార్డింగు ఎవరు వింటారు? ఎక్కడ పెడతారు? తాళం ఎవరి దగ్గరుంటుంది? చుట్టూ మెడలో కార్డులు వేలాడదీసుకున్న పిల్లలు ల్యాప్‌టాపుల్లో తలలు దూర్చి ఉన్నారు. అక్కడ ఎవరూ ఎవరినీ చూడరు. మా ఊళ్లో అయితే ఈపాటికి పక్క బల్లాయన కుర్చీ మా వైపు జరిపి ఉండేవాడు.

చివరికి వాము అడిగింది. “మరి మీ ఇంట్ల ఎరికేనా మేడం, మీరేం పని జేస్తరో?”

“మావారికి తెలుసు. మిగతా వాళ్లకు అద్దె ఇళ్ల మీద పరిశోధన అని చెప్పాను.”

ఇద్దరూ పడీపడీ నవ్వారు. మెంతి కళ్లు తుడుచుకుని, “అంటే మీరు కూడా మాలాగే దాక్కుంటున్నారన్నమాట. రేపు ఇంటికి రండి మేడం” అంది. బిల్లు నేనే కట్టాను. మూడు కాఫీలకు ఎనిమిది వందల డెబ్భై. ఆ డబ్బుతో మా క్యాంటీన్‌లో డిపార్ట్‌మెంటంతా వారం తాగొచ్చు, పరీక్షల భయం వాళ్లతో సహా.

గోపన్‌పల్లి

ఒకప్పుడు ఊరట. ఇప్పుడు అపార్ట్‌మెంట్ల సందుల్లోంచి ఊరిని వెతుక్కోవాలి. మెంతీ వామూ ఉండే నాలుగంతస్తుల ఇల్లు యాదమ్మగారిది. ఒకనాటి జొన్నచేను అమ్మేయగా మిగిలిన ముక్కలో కట్టుకుంది. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునుంది.

“ఇంటిపన్నుకొచ్చినవా?”

“కాదమ్మా. పైన పిల్లల దగ్గరికి.”

“ఏమైతరు నీకు?”

ఇరవై ఏళ్ల పరిశోధన ఆ రెండు మాటల ముందు నీళ్లు నమిలింది. తెలిసినవాళ్లన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

“అక్కచెల్లెండ్లమని జెప్పి దిగిన్రు. ఒకల్ది నెల్లూరు, ఒకల్ది కరీంనగరం. ఏం అక్కచెల్లెండ్లో ఏమో! నాకెందుకు? ట్యాంకు నిండంగనే మోటర్ బంద్ జేస్తరు. గంతకుముందున్నోళ్లు జేయకపోదురు, గోడలన్ని నాని పరేషాన్ జేసిన్రు. పో, పైకి పో.”

దేశంలో నీతి కొలవడానికి రకరకాల ప్రమాణాలున్నాయి. నాకు యాదమ్మగారిదే నచ్చింది.

పైన వాము నూనె రాసిన గిన్నెకు పిండి అద్ది, వేలితో చిల్లులు పెట్టి, సర్వపిండి కాల్చింది. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, పచ్చిమిరప. మన దిబ్బరొట్టెకు వరస కలపబోయాను కానీ వాము ఒప్పుకోలేదు. నెల్లూరావిడ ఆరేళ్లుగా తింటోంది కాబట్టి ఎలా తుంచాలో తనే చూపించింది.

తరువాత సమ్మతి పత్రం మొత్తం చదివి వినిపించాను. ఎప్పుడైనా తప్పుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు, చెప్పిన మాటలన్నీ చెరిపేస్తాం అనే వాక్యాన్ని నిత్యం చదివే శ్లోకంలా గడగడా చదివేశాను. చెరొక ప్రశ్నల కాగితం తీసుకుని మొదటి పేజీలో వివరాలు నింపారు. ఆ తరువాత రెండున్నర గంటలు మాట్లాడారు. నా ఉద్యోగంలో నేను విన్న అన్నిటికంటే మంచి సంభాషణ అది. ఏం చెప్పారో ఇక్కడ రాయను.

తిరిగి వస్తుంటే ఆటోలో వాన పట్టుకుంది. పక్క పరదా చిరిగి ఉంది. రికార్డరు లోపలి అరలో భద్రంగా ఉంది కానీ పైనున్న కాగితం, అయిదో నంబరు కాగితం, మెంతిది, తడిసి ముద్దయింది.

మళ్లీ కూకట్‌పల్లి

వదిన డైనింగ్ టేబులు మీద ఫ్యాను కింద ఆ కాగితం ఆరబెట్టాను. లైంగికత ప్రశ్నలున్న రెండో పేజీని జాగ్రత్తగా విడదీసి పెట్టెలో తాళం వేశాను. మొదటి పేజీలో పేరు లేదు కదా, వివరాలే కదా అనుకున్నాను. ఎగిరిపోకుండా ఆవకాయ సీసా బరువు పెట్టి స్నానానికి వెళ్లాను. నా తప్పు అదే, ఆ పది నిమిషాలే.

మర్నాడు పొద్దున్న వదిన ఫోను మోగడం మొదలుపెట్టింది. ఆగలేదు.

“జానకీ, ఎంత గుట్టుమనిషివమ్మా! మంచి సంబంధం చేతిలో పెట్టుకుని అద్దె ఇళ్లంటావా?” అంటూ ఫోను చూపించింది. గ్రూపులో అయిదో నంబరు కాగితం ఫొటో ఉంది. కింద ‘వధువు. వివరాలకు సత్యవతిగారు’ అని.

ఆ కాగితం మళ్లీ చదివాను. వయసు. ఎత్తు. చదువు. ఉద్యోగం. నెలసరి ఆదాయం. సొంత జిల్లా. తోబుట్టువులు. తండ్రి వృత్తి. ఈ ప్రశ్నలన్నీ నేనే తయారుచేశాను. వాటి వెనక ఎంతో శాస్త్రముందని కమిటీ ముందు నలభై నిమిషాలు వాదించాను కూడా. తీరా చూస్తే అది అచ్చమైన పెళ్లిళ్ల బయోడేటా.

“చూడు, ఎంత పద్ధతైన పిల్లో,” వదిన మురిసిపోతోంది. “ఎవరితో ఉంటున్నారు అంటే, ఆరేళ్లుగా ఒకే స్నేహితురాలితో అని రాసింది. వంట ఎవరు చేస్తారంటే ఇద్దరం అని. ఈ రోజుల్లో ఇంత నిలకడ ఎక్కడుందీ?”

“తీసెయ్యి వదినా. అది రహస్యం.”

“ఓహో. రెండో సంబంధమా?”

“కాదు. ఆ అమ్మాయికి పెళ్లి ఉద్దేశం లేదు.”

“మొదట అందరూ అలాగే అంటారమ్మా.”

అసలు సంగతి చెప్పలేను. చెప్పకపోతే ఆవిడ వదలదు. చివరికి, “నా ఉద్యోగానికే ముప్పొస్తుంది వదినా” అన్నాను. అది అర్థమైంది. పాపం, ఫొటో చెరిపేసి, ‘ఈ సంబంధం కుదిరినది. దయచేసి ఫోన్ చేయవద్దు’ అని పెట్టింది. వెంటనే శుభాకాంక్షలు రావడం మొదలయ్యాయి. అప్పటికే వచ్చిన పదిహేడు జవాబులనూ నేనడిగితే నా ఫోనుకు పంపి, తన దగ్గర కొట్టేసింది.

మళ్లీ గోపన్‌పల్లి

చెప్పకుండా ఊరుకోవచ్చు. కాగితంలో పేరు లేదు, ఫొటో పోయింది, వాళ్లకెప్పటికీ తెలియదు. ఆటోలో గోపన్‌పల్లి దాకా ఈ మాట నాతో నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

శనివారం కాబట్టి ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. వాము మొహం ఎర్రబడింది. “గదేంది మేడం! తాళాలు, అరలు అని గంటసేపు జెప్పిన్రు గద?” అంది.

మెంతి మాత్రం, “ఏం జవాబులొచ్చాయి?” అంది.

ఫోను ఇచ్చాను. గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఒకాయన, ఎత్తు చెప్పులతోనా, చెప్పులు లేకుండానా అని అడిగాడు. ఇంకొకాయన, అబ్బాయికి సొంత ఫ్లాటు ఉంది, తూర్పు ముఖం, అబ్బాయి గురించి తరువాత చెబుతాం అన్నాడు. తొమ్మిదో జవాబు ఒక తల్లిది. ‘అమ్మాయి స్నేహితురాలికి కూడా చూస్తున్నారా? మాకు ఇద్దరు అబ్బాయిలు. ఇద్దర్నీ మా ఇంటికే చేసుకుంటాం. అంత స్నేహంగా ఉన్న పిల్లల్ని విడదీయడం ఎందుకు.’

ముందుగా నవ్వింది వామే. “ఇగో, గీమె దేవత! ఒప్పుకుందామా?” అంది. ముగ్గురం ఊపిరందనంతగా నవ్వాము. మెంతి పదిహేడూ చదివింది. చదివాక ఫోను బోర్లించి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“నా కూతురికి పదిహేడు సంబంధాలొచ్చాయని మా అమ్మకు తెలిస్తే వీధంతా చెప్పుకునేది మేడం” అంది. వాళ్లమ్మ తనతో మాట్లాడి నాలుగేళ్లయింది. వాము దగ్గరికి జరిగి ఆమె చెయ్యి పట్టుకుంది.

ఆ చెయ్యి వదలకుండానే మెంతి అంది. “మాది తీసేయండి మేడం. మీ మీద కోపంతో కాదు. ఒక్క పేజీ తడిస్తేనే పదిహేడిళ్లకు వెళ్లింది. మేం చెప్పినవి రెండున్నర గంటలున్నాయి.”

నా నోట్లోంచి ఏం వచ్చిందో దాచకుండా రాస్తాను. “ఒక్కసారి ఆలోచించండి” అన్నాను. ఎదురుగా అమ్మ గురించి చెప్పిన పిల్ల కూర్చునుంటే, నా మనసులో ప్రొఫెసరు కుర్చీ మెదిలింది.

“మీరే చదివిన్రు గద మేడం,” వాము మెల్లగా అంది. “ఎప్పుడంటె అప్పుడు తప్పుకోవచ్చు, ఎందుకని అడగరని.”

అన్నిసార్లు చదివిన వాక్యం ఆ రోజే మొదటిసారి విన్నట్టయింది. రికార్డరు తీసి వాళ్ల ముందే చెరిపాను. ఖాయమేనా అని యంత్రం అడిగింది, ఖాయమేనని నొక్కాను. పదిహేడు జవాబులూ తీసేశాను. కాగితాలు మెంతి చేతికిచ్చాను. బాధేసింది, సిగ్గూ వేసింది. సిగ్గే ఎక్కువ.

“మరి ఇప్పుడు మీ ప్రొఫెసరు?” అడిగింది మెంతి.

“ఈసారికి లేదు.”

మెంతి కాగితాలు మడిచి పెట్టుకుంది. “ఆ రెండున్నర గంటల్లో మేం చెప్పింది మాది, దాన్ని ఎక్కడా రాయొద్దు. మీరు చేసిన తప్పు మీది. దాని గురించి రాసుకోండి. కానీ ముందు మీ వదినగారికి చెప్పండి. మా గురించి కాదు. మీ గురించి.”

గేటు దగ్గర యాదమ్మగారు, “తిన్నవా?” అని మాత్రం అడిగింది.

చివరి ఉదయం, కూకట్‌పల్లి

వదిన పెసరట్టు వేస్తోంది. ఫోను పక్క గదిలో పెట్టేసింది. నిన్నటి నుంచి దాన్ని ముట్టుకోవాలంటే భయంగా ఉందట. నేను ప్లేటు పట్టుకుని నిలబడి, నా పరిశోధన దేని మీదో మొత్తం చెప్పాను. ఏ మాటా మింగలేదు. థీసిస్ దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఏ జంట గురించీ చెప్పలేదు, ఆ కాగితం ఎవరిదో చెప్పలేదు. ఇరవై ఏళ్లుగా నేనేం చేస్తున్నానో, జనం నన్నేమంటారో, ఆ చీటీల్లో పిల్లలు ఏం రాస్తారో చెప్పాను.

వదిన అట్టు తిరగేసింది. అల్లం ముక్కలు సర్దింది. వెనక్కి తిరిగి చూడలేదు.

“తప్పు పనేం కాదుగా?” అంది చివరికి.

“కాదు వదినా.”

“మరి మొన్న వచ్చినప్పుడే చెబితే ఏం పోయింది? అవతలివాళ్ల గుట్టు కాగితాలని ఒక్క ముక్క చెబితే, నేను వాటి జోలికి వెళ్లేదాన్నా జానకీ?”

మనుషులు ఎందుకు దాస్తారన్న దాని మీద నేను ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. వదిన అడిగిన ప్రశ్న ఆ పాఠాల్లో ఎక్కడా లేదు. వదిన నా ప్లేట్లో అట్టు వేసి, నా కళ్లు తన కొంగుతో తుడిచి, రైలు టైమయిపోతోంది తినమంది.